పదిహేడో నంబరు ఇన్‌స్పెక్టరు

మా అత్తగారు చెత్తకుప్పల దగ్గర పాత టీవీలు ఏరుతారు. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా షాపు ఓనరు, "అయ్యో, ఈ వయసులో ఆవిడకేం ఖర్మ!" అని నొచ్చుకున్నాడు. ఖర్మే అయితే నేనూ నొచ్చుకునేవాణ్ణే. ఆవిడకి సొంత ఇల్లుంది, మామగారి పింఛను వస్తుంది, దొరికిన టీవీ మోయడానికి నాలాంటి అల్లుడున్నాడు. ఆవిడ ఏరేది పొట్ట కోసం కాదు, పంతం కోసం.

అన్ని టీవీలూ ఏరరు. చేత్తో పట్టుకెళ్ళే చిన్న టీవీలు ఉండేవే, అవి మాత్రమే. జానెడు బొమ్మ, నెత్తిన ఒక పిడి, సాగదీస్తే ఎదుటివాడి కంట్లో పొడుచుకునే ఏరియల్, కరెంటు లేని చోట కారు బ్యాటరీకి తగిలించుకోవడానికి వెనకాల ఒక చిన్న బెజ్జం. దీనికి 'పట్టుకెళ్ళే టీవీ' అని పేరు పెట్టిన మహానుభావుడు జన్మలో దాన్ని వీధి చివరి దాకా కూడా పట్టుకెళ్ళి ఉండడు. ఆ పిడి అరచేతిలోకి ఎంత లోతుగా దిగుతుందో నన్నడగండి, చెబుతాను. బొమ్మ కూడా తెలుపూ నలుపూ. అది కొత్తగా ఉన్న రోజుల్లోనే వార్తలు చదివే మనిషి మీసాలవాడో కాదో తేల్చుకోవడానికి ఇంటిల్లిపాదీ వాదించుకునేవాళ్ళట.

నేను కుళాయిలు అమ్ముతాను. కుళాయి మీద ఎవరికీ ప్రేమ పుట్టదు. కారకుండా ఉంటే చాలు. పనిచేసినన్నాళ్ళు చేసి, పాడయ్యాక మర్యాదగా చెత్తబండి ఎక్కడమే వస్తువు ధర్మమని నా నమ్మకం. మా అత్తగారి ముందుగదిలో ఆ ధర్మం తప్పినవి నూట పన్నెండు ఉన్నాయి.

మూడు గోడలకీ ఇనప రాకులు, వాటి నిండా టీవీలు. కిటికీ ఉండాలి, ఉందని మా ఆవిడ అంటుంది, నేనెప్పుడూ చూడలేదు. వచ్చినవాళ్ళు కూర్చోవడానికి రెండు స్టూళ్ళు. కూర్చుంటే మోకాళ్ళు ఎదుటి టీవీకి తగులుతాయి. ఒకటి రెండు ఆన్ చేసి ఉంచుతారు కాబట్టి గదంతా కాలిన దుమ్ము వాసన. వాటిలో వచ్చే కార్యక్రమం ఏమీ లేదు, ఉత్త చీమల పుట్ట. దాన్ని చూసి అత్తగారు, "చూశావా, ఎంత నిలకడగా ఉందో!" అంటారు. నేను తల ఊపుతాను. పద్నాలుగేళ్ళుగా ఊపుతున్నాను.

మా వీధుల్లో పెద్ద సామాన్లు పారేసుకోవడానికి మంగళవారం బండి వస్తుంది. అది రాకముందే అత్తగారు బయల్దేరతారు. చేతిసంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, ఒక టార్చి, ఒక పాత పళ్ళ బ్రష్షు. ముందు ఆవిడ, నాలుగడుగుల వెనక నేను. నన్నెవరూ గుర్తుపట్టకూడదని తలకి టోపీ పెట్టుకుంటాను. విరిగిన మంచాలూ, చిరిగిన పరుపులూ దాటుకుంటూ ఆవిడ ఎక్కడో ఒకచోట టక్కున ఆగుతారు. వంగి, టీవీ వెనక మూత తెరిచి చూసి, ఆ ఇంటి తలుపుకేసి ఒక చూపు చూస్తారు. లోపల ఉన్నవాళ్ళకి ఆ చూపు తగిలితే ఇల్లు ఖాళీ చేసి పోవాలి.

"రాగి తీగ పీక్కున్నాడు. తీగ కోసం ట్యూబు మెడ విరిచేశాడు. వీడికి పెళ్ళాం పిల్లలుంటే దేవుడే దిక్కు."

"పోనీలెండి అత్తయ్యగారూ, తెలియక..."

"తెలియకపోతే ముట్టుకోకూడదు. నువ్వు ముట్టుకుంటున్నావా? లేదుగా. నీకు ఆ మాత్రం తెలుసు."

ఇది ఆవిడ నాకిచ్చే మెచ్చుకోలు. ఏడాదికి రెండుసార్లు వస్తుంది.

తెచ్చిన టీవీ ఏదో గుర్తుపట్టడం ఆవిడ అసలు విద్య. అందులో ఆవిడని మించినవాళ్ళు లేరని ఆవిడే చెబుతారు. ఆదివారం పొద్దున్నే మరో ఇద్దరు పిచ్చివాళ్ళు వస్తారు. ఒకాయన పళ్ళ డాక్టరు. వారమంతా జనం నోళ్ళలో చెయ్యి పెట్టి, ఆదివారం టీవీల్లో పెడతాడు. రెండో ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయనకి టీవీ అక్కర్లేదు, దాని ముందుండే తిప్పుడు బొత్తాలు కావాలి. అవి జేబులో వేసుకుని తిరుగుతాడు. మాట్లాడేటప్పుడు జేబులోంచి గలగలమని చప్పుడొస్తుంది. వీళ్ళు ముగ్గురూ కలిస్తే దాన్ని 'సంఘం' అంటారు. నన్ను కలుపుకుంటే నలుగురని డాక్టరు ఒకసారి అన్నాడు. కలుపుకోవద్దని దణ్ణం పెట్టాను.

డాక్టరు ఒక ఆదివారం టీవీ ఒకటి గుండెలకి హత్తుకుని తెచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. అరుదైన కంపెనీదట, ప్రపంచంలో పదో పన్నెండో మిగిలాయట, ఫోన్లో ఫొటోలతో పోల్చి చూసుకున్నాడట. అత్తగారు కాఫీ గ్లాసు కింద పెట్టలేదు.

"ఎలా తెలిసింది?"

"పేరు రాసుంది కదమ్మా, ముందు."

"నా మెడలో మా అల్లుడి పేరు రాసి వేలాడదీస్తే నేను కుళాయిలు అమ్ముతానా?"

"వెనక మూత మీద కూడా..."

"మూత తియ్యండి."

డాక్టరు తీశాడు. అత్తగారు టార్చి వేసి చూసి రెండు క్షణాల్లో తేల్చేశారు. ఒకే ఫ్యాక్టరీ ఒకే టీవీని తయారుచేసి ఏడు కంపెనీల పేర్లు అంటించి పంపేదట, కాబట్టి ముందున్న పేరు అబద్ధం. రిపేరు షాపువాళ్ళకి వెనక మూత టోపీతో సమానం, ఎవరిది చేతికందితే వాళ్ళది తగిలిస్తారు, కాబట్టి వెనకున్న పేరూ అబద్ధం. నిజం లోపల ఉంటుంది. ట్యూబు మెడ మీద చిన్న కాగితం, వైర్లు అతికించిన అట్ట మీద నంబరు, డబ్బా లోపలి గోడకి ఊదా రంగు సిరాతో గుండ్రని ముద్ర. ఆ ముద్రలోని అంకె దాన్ని పరీక్షించి బయటికి పంపిన ఇన్‌స్పెక్టరుది.

"మూడు టీవీలు కలిపి కుట్టిన బొంత ఇది. డబ్బా ఒకరిది, ట్యూబు ఒకరిది, మూత ఒకరిది. పది పన్నెండు కాదు డాక్టరుగారూ, ప్రపంచంలో ఇదొక్కటే. దాచుకోండి."

డాక్టరు నవ్వబోయి మానేశాడు. తప్పుగా గుర్తుపట్టడం ఆవిడ దృష్టిలో దొంగతనం కన్నా హీనం. దొంగకి కనీసం తను తీసుకున్నదేమిటో తెలుసని అంటారు.

ఇంత విద్య ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆవిడ ఆ ఫ్యాక్టరీలోనే పనిచేశారు. ఊరి చివర రేకుల షెడ్డు. పొడుగాటి బల్లలకి రెండు వైపులా అరవై మంది ఆడవాళ్ళు. మొదట్లో వైర్లు అతికించి, తర్వాత ఇన్‌స్పెక్టరు అయ్యారు. పదిహేడో నంబరు. వచ్చిన టీవీ ఆన్ చేసి, బొమ్మ సరిగ్గా నిలిచేదాకా లోపలి మరలు తిప్పి, అవి కదలకుండా ఎర్ర లక్క పూత పెట్టి, బ్యాటరీ తగిలించి చూసి, అప్పుడు ముద్ర వెయ్యాలి. ఆవిడ ముద్ర పడ్డ టీవీ తిరిగి రాదని షెడ్డులో పేరుండేది. ఇదీ ఆవిడే చెప్పారు, కానీ నమ్ముతాను. నా పెళ్ళప్పుడు ఆవిడ నన్ను చూసిన చూపులో నాకు మరలు బిగించినట్టే ఉంది.

ముప్ఫై నాలుగేళ్ళ కిందట ఒక రోజు నారింజ రంగు టీవీలు నలభై ఎనిమిది వరసలోకి వచ్చాయి. బ్యాటరీ వైర్లు అతికించే అమ్మాయి ఎర్రదీ నల్లదీ తారుమారు చేసింది. బ్యాటరీ తగిలించి చూస్తే ఇన్‌స్పెక్టరు బల్ల దగ్గరే తెలిసిపోయేది. ఎవరూ చూడలేదు. సాయంత్రం లారీ ఎక్కి వెళ్ళిపోయాయి. కొన్నవాళ్ళు బ్యాటరీకి తగిలించేసరికి పొగ. ఒక లారీ డ్రైవరుకి చేతులు కాలాయి. తిరిగొచ్చిన వాటిని ఫ్యాక్టరీ వెనక పెద్ద సుత్తితో పగలగొట్టారు. మూత తీసి చూస్తే అన్నిటి మీదా పదిహేడో నంబరు ముద్రే. అత్తగారి ఉద్యోగం ఊడింది.

ఆవిడ చెప్పేదేమిటంటే, ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఇంటి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. నాలుగేళ్ళ కూతురికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆ టీవీల్లో ఒక్కదాన్నీ ముట్టుకోకుండా ముద్ర సొరుగులో పెట్టి పరుగెత్తుకొచ్చేశారు. లారీ ఆలస్యమవుతుందని ఫోర్‌మన్ ఆ సొరుగు తెరిచి, ఆవిడ ముద్ర తీసి, నలభై ఎనిమిదింటికీ తనే టకటకా కొట్టేశాడు. విచారణలో మాత్రం, వెళ్ళే ముందు ఆవిడే కొట్టి వెళ్ళిందని చెప్పాడు.

ఫోర్‌మన్ చెప్పింది నేను వినలేదు. మా ఇంట్లో ఆయన మాట వినే ఏర్పాటు లేదు. ఆయన పేరు కూడా లేదు, 'ఆ దొంగముద్రగాడు' అనే అనాలి. పెళ్ళిళ్ళలో ఆయన కనిపిస్తే అత్తగారు వినిపించేలా ఆ మాటే అని, కంచం ముందు నుంచి లేచి వచ్చేసేవారట. బంధువులందరికీ ఈ కథ కంఠతా వచ్చు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మా ఆవిడ పెళ్ళికి ముందు ఒకబ్బాయిని ఇష్టపడింది. టైపు నేర్చుకునే చోట పరిచయం. మంచివాడు, బుద్ధిమంతుడు. ఇంటికి తీసుకొస్తే అత్తగారు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, తండ్రి ఏం చేస్తారని అడిగారు. ఫోర్‌మన్ కొడుకు. ఆ గ్లాసు అతను తాగకముందే వెనక్కి తీసుకున్నారని మా ఆవిడే ఒకసారి నాకు చెప్పింది, నవ్వుతూనే. 'దొంగముద్ర వేసిన ఇంటికి పిల్లనివ్వను' అన్నారు. ఆర్నెల్లు తల్లీకూతుళ్ళు మాట్లాడుకోలేదు. ఆ తర్వాత నా సంబంధం వచ్చింది. నా గురించి అత్తగారు మా మేనత్తతో అన్న మాట కూడా నాకు చేరింది. "ఈ అబ్బాయికి దొంగముద్ర వేసేంత తెలివి లేదు, అది చాలు" అన్నారట.

అలా నేను ఆ ఇంటి అల్లుణ్ణయ్యాను.

పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది, ఈ ఏరుడంతా దేనికోసమో. నలభై ఎనిమిదిలో తిరిగొచ్చినవి నలభై ఒకటి. ఏడు ఎక్కడో ఉండిపోయాయి. వాటిలో ఒక్కటి దొరికినా చాలు, తన మాట రుజువైపోతుందని ఆవిడ ధీమా. మిగతా నూట పన్నెండూ దారిలో తగిలినవి. కుక్కపిల్లల్ని వదలలేనివాళ్ళు ఉంటారు చూడండి, అలా వదలలేక తెచ్చుకున్నారు. వాటి ముందు చీమల పుట్ట చూస్తూ కూర్చునే ఆవిణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఉద్యోగం పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది, ఫ్యాక్టరీ మూతపడి ఇరవై ఏళ్ళు. ఇంకా ఎవరికి రుజువు చేస్తారు? ఆ తప్పు ఆవిడదేనని తేలాలని, అప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉంటుందో చూడాలని నాకు గట్టి కోరిక ఉండేది. దాచుకోవడమెందుకు, ఉండేది.

మొన్న చలికాలంలో పక్క వీధి ఇస్త్రీ షాపు ఎత్తేశారు. నలభై ఏళ్ళుగా బట్టలు మాడ్చిన మనిషి అటక ఖాళీ చేసి సామానంతా రోడ్డు మీద పడేశాడు. మేం అటు వెళ్ళేసరికి అందులో ఒక టీవీ ఉంది. టీ మరకలాంటి రంగు. అత్తగారు వేలు నాలికతో తడిచేసుకుని డబ్బా మీద రుద్దారు. కింద నుంచి నారింజ రంగు బయటపడింది.

తిరగేయమన్నారు. తిరగేశాను. అడుగున అంకెలు అచ్చు వేసున్నాయి. ఆవిడ టార్చి వేసి చదివి, మళ్ళీ చదివి, నన్ను చదవమన్నారు. ఆవిడ నన్ను చదవమనడం అదే మొదటిసారి. ఆ బ్యాచే. నలభై ఎనిమిదిలో ముప్ఫై ఒకటోది.

"దీన్ని ఎప్పుడైనా బ్యాటరీకి తగిలించావా?" అని ఇస్త్రీ మనిషిని అడిగారు.

"బ్యాటరీ ఎందుకమ్మా, షాపులో కరెంటుంది కదా."

"నువ్వు బతికిపోయావు. అదీ బతికిపోయింది," అన్నారు.

అక్కడే మూత తీస్తారనుకున్నాను. తియ్యలేదు. ఇంటికి తెచ్చి, బల్ల మీద పెట్టి, దుప్పటి కప్పారు. ఆదివారం అందరి ముందూ తీస్తానన్నారు. డాక్టరుకి, మాస్టారికి ఫోను చేశారు. మా ఆవిణ్ణి కూడా రమ్మన్నారు. ఆ ఐదు రోజులూ అత్తగారు ఎవర్నీ తిట్టలేదు. దానికే నాకు భయం వేసింది.

ఆదివారం పది గంటలకి గదిలో అయిదుగురం ఇరుక్కుని నిలబడ్డాం. మాస్టారి జేబులో కూడా చప్పుడు లేదు. అత్తగారు దుప్పటి తీసి, క్లాసు చెప్పేవాళ్ళలా మొదలుపెట్టారు.

"ముద్ర ఉంటుంది, పదిహేడే ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ నోరు తెరవక్కర్లేదు. ముద్ర ఎవడైనా కొడతాడు. కానీ ముద్ర కొట్టాలంటే ముందు మరల మీద లక్క ఉండాలి, లేకపోతే లారీ ఎక్కించేవాడు ఒప్పుకోడు. కాబట్టి లక్క కూడా వాడే పెట్టి ఉండాలి. నాది ఎడమచేతి వాటం. నేను పూత పెడితే కొస ఎడమకి లాగి ఉంటుంది. షెడ్డు మొత్తానికి ఎడమచేతిదాన్ని నేనొక్కదాన్నే. వాడు కుడిచేతివాడు. అర్థమైందా డాక్టరుగారూ?"

"అయిందమ్మా."

"మళ్ళీ చెప్పండి."

పాపం, డాక్టరు చెప్పాడు. కొస ఎడమకుంటే మీది, కుడికుంటే ఫోర్‌మన్‌ది అన్నాడు. ఆవిడ తృప్తిగా నాలుగు స్క్రూలూ విప్పి, మూత నా చేతికిచ్చారు.

లోపల దుమ్ము అంగుళం మందం. పళ్ళ బ్రష్షుతో తుడిచారు. గోడకి ఊదా ముద్ర, పదిహేడు. బ్యాటరీ వైర్లు చూపించారు, ఎర్రది ఉండాల్సిన చోట నల్లది. తారుమారు నిజమే. తర్వాత మరల దగ్గర తుడిచారు. మూడు మరలు, మూడింటి మీదా ఎండి గట్టిపడిన ఎర్ర చుక్క, చుక్కకి సన్నటి తోక.

అత్తగారు చూశారు. టార్చి కదల్లేదు.

డాక్టరు తొంగి చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ చూశాడు. "ఇది... ఎటున్నట్టమ్మా? మనం వెనక నుంచి చూస్తున్నాం కదా. ముందు నుంచి చూస్తే ఇదే కుడి అవుతుంది. ఎటు నుంచి లెక్క?"

మాస్టారు నావైపు చూశాడు. నాకేం తెలుసు? ఆ గదిలో దానికి జవాబు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు అత్తగారు. రెండోది మా ఆవిడ. ఆరేళ్ళప్పటి నుంచి ఆ మరలూ లక్కలూ చూస్తూ పెరిగిన మనిషి.

మా ఆవిడ తల్లి చేతిలోంచి టార్చి తీసుకుంది. వంగి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు నాకు ఉన్నట్టుండి ఒక సంగతి తట్టింది. ఆ తోక ఎడమకుంటే ఫోర్‌మన్ దొంగ కాడు. ఆయన దొంగ కాకపోతే ఆయన కొడుక్కి వంక లేదు. అతనికి వంక లేకపోతే ఈ గదిలో మూత పట్టుకుని నిలబడాల్సింది నేను కాదు. పద్నాలుగేళ్ళు అత్తగారి తప్పు తేలాలని కోరుకున్నవాణ్ణి, తేలితే నా సంగతేమిటని ఒక్క రోజైనా ఆలోచించానా? అత్తగారు నా తెలివి గురించి చెప్పింది నిజమే.

మా ఆవిడ నిటారుగా నిలబడింది.

"కుడికే ఉందమ్మా. నీది కాదు," అంది.

డాక్టరు హమ్మయ్య అని ఊపిరి వదిలాడు. మాస్టారు, "చెప్పలా!" అన్నాడు, ఆయనేమీ చెప్పకపోయినా. నేను మూత కింద పెట్టబోయాను. నాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

"ఎటు నుంచి చూశావే?" అన్నారు అత్తగారు.

"వెనక నుంచే."

"వెనక నుంచి కుడా అది?"

"కుడే అమ్మా. వదిలెయ్."

"టార్చి ఇలా ఇయ్యి." లాక్కున్నారు. "ఇన్‌స్పెక్టరు కూర్చునేది టీవీ వెనకాలే, బొమ్మ చూసుకునేది ఎదుటి అద్దంలో. పూత పెట్టేది వెనక నుంచే. వెనక నుంచి చూసిందే లెక్క. ఇది ఎడమ. పసిపిల్లకి కూడా తెలుస్తుంది. ఇన్నేళ్ళు నా పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తే నువ్వు నేర్చుకున్నది ఇదా? డాక్టరుగారు తప్పు చెప్పారంటే అర్థముంది, నీకేం రోగం?"

"అమ్మా..."

"తప్పుడు మాట చెప్పకు. నాదే. ఇది నా చెయ్యే."

ఆవిడకి తెలియక కాదు, కూతురు ఎందుకలా చెప్పిందో. తెలిసే తిట్టారు. ఒక టీవీని తప్పుగా గుర్తుపట్టడం ఆవిడ సహించలేకపోయారు, అది తనని గట్టెక్కించేదైనా సరే. ఎన్నాళ్ళ నుంచో చూడాలనుకున్న ముఖం నాకు అడుగు దూరంలో ఉంది. చూడలేక నేను మాస్టారి చెప్పుల వంక చూశాను.

అత్తగారు స్టూలు మీద కూర్చుని, "రాసుకోండి డాక్టరుగారూ," అన్నారు. "పరీక్షించింది పదిహేడో నంబరు. బొమ్మ సరిచూసింది. బ్యాటరీ తగిలించి చూడలేదు. అది కూడా రాయండి, వదిలెయ్యకండి."

డాక్టరు రాశాడు. రాసి, పని ఉందంటూ లేచాడు. ఆదివారం ఎవరి పన్ను పీకాలో నాకు తెలియదు. మాస్టారూ ఆయన వెంటే జారుకున్నాడు.

మేం ముగ్గురం మిగిలాం.

"ముట్టుకోలేదనే అనుకున్నానే," అన్నారు అత్తగారు. గొంతు మామూలుగానే ఉంది. "ఒట్టేసి చెప్పేదాన్ని. ఇప్పుడు దీన్ని చూస్తే గుర్తొస్తోంది. ఫోనొచ్చాక కూడా చేశాను. నిలబడే చేశాను, కూర్చోలేదు. బొమ్మ చూడటం, లక్క పెట్టడం, ముద్ర కొట్టడం, పక్కకి నెట్టడం. బ్యాటరీ రేపొచ్చి చూద్దాం, రేపటిదాకా లారీ రాదులే అనుకున్నాను. నువ్వు ఎలా ఉన్నావో అనే ఉంది బుర్రలో."

"నాకు తగ్గింది కదమ్మా," అంది మా ఆవిడ, ఆ జ్వరం నిన్నటిదైనట్టు.

"వాడు విచారణలో ఇదే చెప్పాడు. అక్షరం పొల్లుపోకుండా ఇదే."

అత్తగారు లేచి స్క్రూడ్రైవర్లు చేతిసంచిలో వేసుకున్నారు. టీవీ పిడి పట్టుకుని పైకెత్తబోయారు, లేవలేదు.

"నాయనా, బండి తియ్యి. దీన్ని పట్టుకో. ఆ ఫోర్‌మన్‌గారి ఇంటికి పోదాం."

'గారు' అన్నారు. మా ఇంట్లో ఆ మనిషికి ఆ మాట చేర్చగా నేను వినలేదు. పరుగెత్తుకెళ్ళి తాళాలు తీసుకున్నాను. గుమ్మం దగ్గర మా ఆవిడ కదలకుండా నిలబడి ఉంది.

"ఆయన లేరమ్మా."

"ఊళ్ళో లేరా?"

"పోయారు. మూడేళ్ళయింది."

అత్తగారు టీవీ మీద చెయ్యి వేసి ఆగిపోయారు. "నీకెవరు చెప్పారు?"

"చివరి చూపుకి నేను వెళ్ళొచ్చాను." మా ఆవిడ నా వైపు తిరిగింది. "మీక్కూడా చెప్పలేదండీ. ఆ రోజు ఆఫీసులో ఆలస్యమైందన్నాను."

తాళాలు నా చేతిలోనే ఉన్నాయి.

"మూడేళ్ళా?" అన్నారు అత్తగారు. "మూడేళ్ళు నా దగ్గర దాచారా? మనిషి పోయిన సంగతి చెప్పకపోవడమేమిటే? నాకెందుకు చెప్పలేదు?"

మా ఆవిడ జవాబివ్వకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది.

"నువ్వు సంతోషపడతావని," అంది. "అది చూడటం ఇష్టం లేక."

అత్తగారు కూతురి ముఖంలోకి చూశారు. కాదంటారనుకున్నాను. ఎప్పట్లాగే ఎగిరిపడి, నన్నింత నీచంగా లెక్కగట్టారా అని ఇల్లు పీకి పందిరేస్తారనుకున్నాను. అందుకు ఊపిరి కూడా తీసుకున్నారు.

"పడేదాన్నే," అన్నారు.